లాంచీ అడుగున దూది

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావాలి. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు, ఇక రాదు కూడా. ఏళ్ల తరబడి ఒక సంగతిని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తిన్నాను, పెళ్లిళ్లకు పోయాను, పిల్లలకు బుద్ధులు చెప్పాను, పంచాయితీల్లో పెద్దమనిషినై కూర్చుని పరాయివాళ్ల తప్పులు తూచాను. నేను ఇవన్నీ చేస్తుంటే అది లోపల కుళ్లుతూనే ఉంది. ఆ కంపు నాకొక్కడికే తెలుస్తుంది. పక్కన కూర్చున్నవాడు "మీలాంటివారు ఉండబట్టే" అంటూ మొదలుపెడతాడు, నేను తల వంచుకుని వింటాను. థూ.

నేను దొంగతనం చేయలేదు. ఎవరినీ చంపలేదు. "ఎవరూ చావలేదు కదా" అనుకుంటూ ఇన్నేళ్లు నిద్రపోయాను. నిజమే, ఎవరూ చావలేదు. మరి ఎందుకు రాస్తున్నాను? వరసగా చెప్పుకుంటూ పోతేనైనా నాకు అర్థమవుతుందేమో.

మాది గోదావరికి కరీంనగర్ వైపు ఒడ్డు. ఎదుటి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. మా రేవుకు అప్పటికి వంతెన లేదు. అంగడికి పోవాలన్నా, పత్తి అమ్మాలన్నా, అత్తగారింట్లో ఉన్న ఆడబిడ్డను చూసి రావాలన్నా పడవే గతి. మేము భూములున్నవాళ్లం. నిజాం పాలన పోయింది, వెట్టి పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. భూమి సగం తగ్గినా మా ఇంట్లో గొంతులు మాత్రం తగ్గలేదు. ఆ ఇంట్లో నేను రెండో కొడుకుని. వకాలత్ చదువుతానని హైదరాబాద్ పోయి, చదవకుండా తిరిగి వచ్చినవాణ్ని. మా బాపు నన్ను నలుగురిలో "మా బారిష్టరు" అని పిలిచేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. ఏదో ఒకటి చేసి ఆయన నోరు మూయించాలని ఉండేది. అంతకుమించి నాకు జీవితంలో వేరే పనేమీ ఉన్నట్టు లేదు.

అటువంటి రోజుల్లో ఒక స్నేహితుడి పెళ్లికి కాకినాడ పోయి, అక్కడ ఆ లాంచీని చూశాను. సముద్రంలో వలలు లాగే మరపడవల తీరులో, ఒక ధనవంతుడు తన షోకు కోసం కట్టించుకున్నది. ఎత్తైన ముక్కు, వెడల్పాటి కడుపు, అద్దాల కిటికీలున్న గది, గదిలో రెండు మంచాలు, ఓ మూల పొయ్యి, ఇత్తడి దీపాలు. ఆయన పోయాడు, కొడుకులు అమ్మేస్తున్నారు. నేను అడుగుభాగం చూశానా? లేదు. పిల్లను చూడకుండా నగలు చూసి సంబంధం ఖాయం చేసుకున్నవాడిలా ఇత్తడి దీపాలు చూసి ఒప్పుకున్నాను. ఎదుటి ఒడ్డున నా వాటాకు వచ్చిన నల్లరేగడి చేను బాపుకు చెప్పకుండా అమ్మి దాన్ని కొన్నాను.

పడవ రైలెక్కి వచ్చింది. నవ్వకండి. గూడ్సుబండిలో, పైకప్పు లేని వ్యాగనులో మంచిర్యాల దాకా వచ్చి, అక్కడి నుంచి ఎడ్ల బండ్లు జతచేసి కట్టిన మంచె మీద, ఎండకు ఇసుక తేలిన నదిని దాటి మా రేవుకు చేరింది. దారి పొడుగునా జనం. మా రేవులో అందరికంటే ముందు నిలబడ్డవాడు ఓదెలు.

ఓదెలు రేవుకు పెద్ద. బెస్త కులం. వినయంగా ఉండే ముసలివాడని ఊహించుకోకండి. తలకు ఎర్ర రుమాలు, బుగ్గన ఆకువక్క, ఈ ఒడ్డున కేకేస్తే ఆ ఒడ్డున పశువులు తలెత్తేంత గొంతు. గోదావరి తన ఇంటి వాకిలి అన్నట్టు మాట్లాడేవాడు. గొప్పలు చెప్పుకునేవాడు, ఎవరైనా పొగిడితే ఇంకాస్త పొగడమని కూర్చునేవాడు. నా చిన్నతనంలో నాకు ఈత నేర్పింది ఆయనే. లాంచీ చుట్టూ ఒకసారి తిరిగి, దాని కడుపు మీద చేత్తో తట్టాడు.

"ఏంది చిన పటేలా, గీ బర్రె నీకు ఏడ దొర్కింది? సూడితోటి ఉన్నట్టున్నది, ఈనేదాక మేపాలె ఇగ!"

రేవంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. లోపల భగ్గుమంది. అప్పటికింకా నాకు ఆయన మీద కోపం లేదనే అనుకుంటాను. లేక ఉందా? ఆ ఒక్క నవ్వుకే నేను తర్వాత అంత చేశానా? తెలియదు. నా బుద్ధి ఎంత చిన్నదో నేను ఇంకా పూర్తిగా కొలవలేదు.

ఆ వేసవి నా బతుకులో నేను సంతోషంగా ఉన్న వేసవి. ఈ మాట చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ నిజం. తాటాకుల పందిరి వేయించి లాంచీని దాని కింద పెట్టించాను. తుప్పుపట్టిన పాత ఇంజన్ తీసేసి, ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లువాళ్లు వదిలించుకున్న ఆయిల్ ఇంజన్ తెచ్చి బిగించాం. కిటికీలకు నా భార్య తెరలు కుట్టింది. పైన తెల్లరంగు నేనే స్వయంగా వేశాను. చేతులకు రంగు అంటుకుంటే కడుక్కోబుద్ధి కాలేదు. అంగడి రోజుల్లో జనాన్ని దాటించాలని, మిగతా రోజుల్లో అధికారులను, కంట్రాక్టర్లను ఎక్కించుకుని బాతుల వేటకు తిప్పాలని నా లెక్క. దసరాకు నీళ్లలో దించుతానని కనబడ్డవాడికల్లా చెప్పాను.

అప్పుడు వడ్రంగి వచ్చి, ముందు భాగంలో అడుగున పాత తారు గీకి, ఉలి ఆనించాడు. ఉలి ఉడికిన గడ్డలో దిగినట్టు దిగింది. ఇంకోచోట ఆనించాడు. అక్కడా దిగింది.

"ముంగటి పలకలు మొత్తం పుచ్చిపోయినయ్ పటేలా. ఊడదీసి కొత్తయి ఎయ్యాలె. ఈ ఏడు కాదు."

ఈ ఏడు కాదు. ఆ మాట బాపుకు ఎలా చెప్పాలి? చేను పోయిందని ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. రోజూ అన్నం దగ్గర "బారిష్టరు ఓడ ఎప్పుడు దిగుతది?" అని అడుగుతున్నాడు. నేను వడ్రంగిని పంపేశాను. నోరు విప్పితే రెండు ఒడ్లలోనూ పని దొరకదని చెప్పి పంపేశాను. ఆయన అసలే పరాయి ఊరివాడు. పోయాడు.

ఇక్కడ మా రేవు పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే మీకు మిగతాది అర్థం కాదు. మా దగ్గర కొత్త పడవ గానీ, బాగుచేసిన పడవ గానీ జనాన్ని ఎక్కించుకోవాలంటే దానికి రేవు పెద్ద "చెయ్యి పెట్టాలి". పడవలో ఇసుక బస్తాలు నింపి నీళ్లలో కడతారు. పెద్ద పొద్దున్నే తలస్నానం చేసి, ఏమీ తినకుండా ఒక్కడే దాంట్లో కూర్చుంటాడు. దీపాలు పెట్టే వేళకు అడుగున చెయ్యి పెట్టి, ఆ చేతిని మూసిన కంటి రెప్పకు ఆనించుకుంటాడు. వేళ్లకు తెలియని తడి రెప్పకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. పొడిగా ఉంటే పడవ ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, "గీ పడవ నా చెయ్యి మీద" అంటాడు. ఆ ఏడాది లోపల ఆ పడవ మునిగితే ఆయన పడవ నెట్టే గడ కింద పెట్టి రేవు విడిచిపోవాలి. దీనికి పోలీసులు లేరు, జుర్మానా లేదు. ఒట్టి మాట. కానీ ఆ మాట లేని పడవలో రెండు ఒడ్లలోనూ ఒక్కడు కాలు పెట్టడు.

నేను ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

ఆదిలాబాద్ మిల్లుకు మళ్లీ పోయాను. పనికిరాని దూది బస్తాలకు బస్తాలు ఎత్తించాను. "పరుపులు కుట్టిస్తున్నరా సావ్?" అని అక్కడి కూలీ అడిగితే "అవు, పరుపులకే" అన్నాను. పందిరి కింద గది తలుపులు బిగించుకుని లాంచీ ముందు భాగంలో నేల పలకలు లేపాను. పుచ్చిన పలకల సందుల్లో తారు పోశాను. దాని మీద దూది కూరాను. కాలితో తొక్కి తొక్కి కూరాను. లాంచీ నడుమ, అడుగున, ఈ వైపు నుంచి ఆ వైపుకు అడ్డంగా ఒక పలక బిగించి తారుతో అంటించాను. ముందు ఎంత నీరు ఊరినా దూది పీలుస్తుంది, పీల్చలేనిది పలక దాటి వెనక్కి రాదు. మళ్లీ నేల పలకలు కొట్టేసి, పైన తివాచీ పరిచాను. వచ్చే వేసవిలో పలకలు మారుస్తాను కదా అని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అనుకుంటే మాత్రం ఏమిటి?

ఓదెలు లాంచీలో పగలంతా కూర్చున్నాడు. నేను ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం నన్ను లోపలికి పిలిచి, వెనక ఇంజన్ పక్కన నేలకున్న మూత లేపి చెయ్యి పెట్టాడు. ముందు వైపు చూపించి, అక్కడ కూడా చూడాలా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. నీళ్లుంటే అన్నీ ఇక్కడికే చేరతాయి కదా అన్నాను. ఆయన తలూపాడు. ఎందుకు ఊపడు? వాళ్ల పడవల్లో అడుగున అడ్డం అనేది ఉండదు. ఎక్కడ ఊరిన నీరైనా పల్లానికి రావలసిందే. పుట్టినప్పటి నుంచి ఆయన చూసింది అదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ పలక బిగించాను. ఆయన చేతిని రెప్పకు ఆనించుకుని కాసేపు కదలకుండా ఉన్నాడు. తర్వాత కొబ్బరికాయ తెమ్మని ఒడ్డుకు కేకేశాడు.

కొన్ని వారాలు నేను రాజుని. తహశీల్దారు భార్యా పిల్లలతో వచ్చి ఎక్కాడు. బాపు కూడా ఒకసారి ఎక్కి, మంచం మీద కూర్చుని, ఏమీ అనకుండా దిగాడు. ఏమీ అనకపోవడమే నాకు పండుగ. ముందు భాగం రోజురోజుకూ కాస్త బరువుగా దిగుతోందని నాకు తెలుసు. దూది నీళ్లు తాగుతోంది. వెనక ఇంకో ఇద్దరిని ఎక్కించి సరిచేశాను.

ఒక అంగడి రోజున నది నడిమధ్యలో అడుగున పుచ్చిన పలకలు తెగాయి. కాళ్ల కింద తివాచీ ఉబ్బి లేచింది. ఎవరో ఆడమనిషి అరిచింది. నేను చుక్కాని దగ్గర ఇస్త్రీ అంగీలో నిలబడి ఉన్నాను, నా చేతులు ఆడలేదు. పక్కనే వస్తున్న రేవు పడవలోంచి ఓదెలు దూకాడు. ఆయన మనుషులు దూకారు. పిల్లలను, ముసలివాళ్లను, చివరికి నన్ను కూడా జుట్టు పట్టి లాగారు. అందరూ బతికారు. మేకలు పోయాయి. ఒక షావుకారు పత్తి మూటలు పోయాయి. నీళ్ల మీద తెల్లగా దూది తేలుతుంటే అది ఆ మూటల్లోదే అనుకున్నారు. షావుకారు ఒడ్డున కూర్చుని నెత్తి కొట్టుకుంటున్నాడు. నేను ఆ దూదిని చూస్తూ, దేవుడా, బతికిపోయాను అనుకున్నాను. మునిగి తేలినందుకు కాదు.

కాసేపటికి ఓదెలు నా దగ్గరికి వచ్చాడు. ఒళ్లంతా కారుతోంది. రుమాలు పోయింది. ఆయన బట్టతల నేను మొదటిసారి చూశాను. గొంతు తగ్గించి మాట్లాడటం కూడా మొదటిసారే విన్నాను.

"చిన పటేలా, ఒక్క మాట అడుగుత. ఆనాడు నేను చెయ్యి వెట్టిన. పొడిగున్నది. కంటికి ఆనిచ్చుకున్న. పొడిగనే ఉన్నది. తడి ఉండంగ నా చెయ్యికి ఎర్కగాలేదా?"

నేను అంగీ కొస పిండుకుంటున్నాను.

"నువ్వు ఏమన్న జేసినవా అని అడుగుతలే. గట్లెందుకు అడుగుత? నా చెయ్యి సంగతి అడుగుతున్న. నువ్వు సదువుకున్నోనివి, జెప్పు."

ఆయన నాకు తలుపు తెరిచాడు. ఇప్పుడు అనిపిస్తుంది. ఆయనకు అనుమానం లేదు, నిజంగానే అడిగాడు. నేను ఒక్క మాట అంటే చాలు. చుట్టూ జనం. బాపు గట్టు దిగి వస్తున్నాడు.

"ముసలోనివైనవ్ ఓదెలూ" అన్నాను. "నీ చేతులు మొద్దువారినయ్. తడి, పొడి ఎర్కైతలేవు నీకు. ఇగ ఇంటికాడ ఉండు."

ఆయన తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, చాపాడు.

"గంతేనంటవా?"

"గంతే."

"అయితే గంతే, పటేలా."

గడ తెచ్చి ఒడ్డున పడుకోబెట్టాడు. రేవు మనుషులు ఏడ్చారు, నేను చూశాను. కొద్దిరోజులకు భార్యను తీసుకుని బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనికి పోయిన కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. గోదావరి కనబడని ఊరికి.

ఇంతటితో ఆగితే కూడా కొంత నయం. పోయే ముందు నేను ఆయనకు కొత్త ధోవతి పెట్టాను. నలుగురిలో పెట్టాను. "అంత నష్టం జరిగినా చిన పటేలు ముసలోని మీద కేసు పెట్టలే, గుణమంటే గట్లుండాలె" అని రెండు ఒడ్లలోనూ చెప్పుకున్నారు. బాపు నా భుజం మీద చెయ్యి వేసి "ఇన్నొద్దులకు మనిషి లెక్క జేసినవ్ రా" అన్నాడు. నేను పుట్టినప్పటి నుంచి ఎదురుచూసిన మాట అది. దేనికి దొరికిందో చూడండి. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

నది తగ్గాక దున్నలతో లాంచీని ఒడ్డుకు లాగించాను. కీడు తగులుతుందని చెప్పి ఎవరినీ దగ్గరికి రానీయలేదు. నేనొక్కణ్నే నేల పలకలు లేపాను. దూది నల్లగా, జిగటగా, చచ్చిన చేపలతో కలిసి ముద్దలుగా ఉంది. పురుగులు. చేతులతోనే ఎత్తి గుంటలో పోశాను. ఆ కంపుకు రెండుసార్లు కక్కుకున్నాను. కక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ ఎత్తాను. దొరికిపోకూడదన్న పట్టుదల మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. అడ్డుపలక ఊడదీసి పొయ్యిలో పెట్టాను. మిగిలిన లాంచీ ఎండకు పగిలి, చివరికి ఊరివాళ్ల వంటచెరుకైంది.

కొన్నేళ్ల తర్వాత ఒక సంబంధం మాట్లాడటానికి బెల్లంపల్లి పోయాను. బజారులో ఓదెలు కొడుకు నన్ను గుర్తుపట్టాడు. వద్దన్నా వినకుండా ఇంటికి తీసుకుపోయాడు. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, వాళ్లు కింద కూర్చున్నారు. చాయ్ ఇచ్చారు. ఓదెలు చనిపోయాడట. ముసలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"సివరి దాక మా బాపుకు అదే రంధి పటేలా" అన్నాడు కొడుకు. "దండెం మీద ఆరిన అంగీ దీసి, ఇది ఆరిందా సూడు అని అవ్వను అడిగేటోడు. ముకం తుడుసుకొని, ఇంక తడి ఉన్నదారా అని పోరగాండ్లను అడిగేటోడు. పసిపోరన్ని ఎత్తుకోమంటె ఎత్తుకోకపోయేటోడు. నా చేతులను నమ్మొద్దు అనేటోడు. మీరంటె మాత్రం పాణం. పటేలు నా మీద కేసు పెట్టలే అని అందరికి జెప్పుకునేటోడు."

ముసలమ్మ నా వైపు చూసింది. "మీరన్న జెప్పుండ్రి పటేలా. గంత మంచి చేతులకు ఉన్నట్టుండి ఏమైండె?"

రెండోసారి. రెండోసారి కూడా నన్నే అడిగారు. చుట్టూ జనం లేరు. బాపు కూడా అప్పటికి లేడు. భయపడటానికి ఎవరూ మిగలలేదు. నేను చాయ్ కప్పు కింద పెట్టి "వయసమ్మా, ఏంజేస్తం" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. కొడుకు నన్ను స్టేషను దాకా దిగబెట్టి, రైలు కదిలే దాకా చేతులు జోడించి నిలబడ్డాడు.

మొదటిసారి భయంతో అబద్ధం చెప్పాననుకుందాం. రెండోసారి దేనికి? ఆ ఇంట్లో నాకు దొరికిన కుర్చీ పోతుందనా? ఒక మంచి మనిషిగా ఆ ఇద్దరి కళ్లలో ఉండిపోవాలనా? మునిగిన పడవను తలుచుకుంటే నాకు సిగ్గు. ఆ చాయ్‌ని తలుచుకుంటే మాత్రం ఒళ్లంతా జలదరిస్తుంది. చక్కెర ఎక్కువ వేసి ఇచ్చారు, పెద్దమనిషినని. చివరి చుక్క దాకా తాగాను.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? క్షమించగలవాడు పోయాడు. మిగిలిన ఆ ఇద్దరి దగ్గరికి పోయే కాళ్లు నాకు లేవు, ఎందుకు లేవో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రాస్తుంటే ఛాతీ మీద కొంచెం తేలికపడ్డట్టుంది. దాన్ని కూడా నేను నమ్మడం లేదు.

కానీ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఒకటి ఉంది. నాకొక్కడికే తెలిసిన జవాబు. రేవులో అందరి ముందూ చెప్పవలసింది, ఎవరో తెలియని మీ ముందు చెబుతున్నాను.

తడి నీ చెయ్యికి అందకుంట జేసింది నేను. నీ చెయ్యి మంచిగనే ఉండె, ఓదెలూ.